తిరగేసిన పొయ్యిరాళ్ళు

ఆత్మకూరు,
3 ఫిబ్రవరి 2025.

మునెన్నకు,

చెల్లెలు మాలకొండమ్మ దండాలు. నువ్వూ వదినా అమ్మా బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, కాకపోతే రోజుకు రెండు పెళ్ళిళ్ళు, మూడు పరామర్శలు. కప్పిన శాలువాలు ఎక్కువై బీరువా తలుపు పడటం లేదు. వదినకు నాలుగు పంపిస్తాను, పడుకునేటప్పుడు పరుచుకోమను.

ఫోను ఉండగా ఉత్తరం ఏంది అని నవ్వుకుంటావు. నా ఫోను నా దగ్గర ఉండదన్నా. పార్టీవాళ్ళు నాకు సహాయంగా పెట్టిన సురేంద్రబాబు దగ్గర ఉంటుంది. ఎవరు చేసినా ముందు అతనే ఎత్తుతాడు. నేను మాట్లాడేటప్పుడు కూడా పక్కన నలుగురుంటారు. మన కాలనీలో చూస్తే గుట్ట అడ్డమై సిగ్నలే లేదు. సైమన్ సారు మనిద్దరికీ అక్షరాలు దిద్దించింది ఊరికే పోకూడదు కదా. నువ్వు నా ఇంటి అడ్రసుకే రాయి. నేను రోడ్డు మీద హుసేనయ్య టీ అంగడికి పంపిస్తాను, ఆయన నీకు అందిస్తాడు.

ఇక అసలు సంగతి. కాకిచెరువు కింద మన గుడిసెలున్న పోరంబోకును సోలార్ కంపెనీకి ఇవ్వాలని ఫైలు కదిలింది. ఎవరో వచ్చి చెప్పేలోపల నేనే చెబుతున్నాను, భయపడవద్దు. అక్కడ గిరిజనులెవరూ కాపురం లేరని గిరిజన బోర్డు డైరెక్టరు స్వయంగా చూసి సంతకం పెడితేనే ఆ ఫైలు ముందుకు పోతుంది. ఆ డైరెక్టరు ఎవరనుకున్నావు, నీ చెల్లెలే. నా సంతకం లేకుండా అక్కడ గులకరాయి కూడా కదలదు.

చేపల వేలం గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. కాంట్రాక్టరు మనుషులు చేపలు పట్టే మన ఊతలు విరగ్గొడుతుంటే అమ్మ నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, నన్ను తొక్కి వల వేసుకోండి అన్నది. నేను ఆమె పక్కన నిలబడ్డాను, అంతే. పేపర్లో నా బొమ్మ పడింది. అక్కణ్ణుంచి వార్డు మెంబరు, తర్వాత ఎంపీటీసీ, ఇప్పుడు బోర్డు. వచ్చే నెలలో ఛైర్మన్ పదవి కూడా నాకే అంటున్నారు. యానాది ఆడమనిషి ఆ కుర్చీలో ఇంతవరకు కూర్చోలేదు. అది చేతికొస్తే మీ అందరికీ పట్టాలు ఇప్పించి, అమ్మను ఆ కుర్చీలో ఒకసారి కూర్చోబెడతాను.

అమ్మ దగ్గుకు టానిక్ పంపిస్తున్నాను. పొద్దున ఒక మూత, రాత్రి ఒక మూత. పిల్లలకు పంచిపెట్టనియ్యవద్దు.

నీ చెల్లెలు,
మాలకొండమ్మ.


కాకిచెరువు,
8 ఫిబ్రవరి.

డైరెక్టరు గారికి, అంటే కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయే మా కొండమ్మకు, అన్న మునెయ్య రాయడమేమంటే:

నీ ఉత్తరం హుసేనయ్య అంగడి ముందే చదువుకున్నాను. ఆయన కూడా నా భుజం మీదుగా చదివాడు. ఇక అది ఉత్తరం కాదు, దండోరా. సాయంత్రానికి పద్దెనిమిది గుడిసెలకూ తెలిసిపోయింది. మన మేనమామ అయితే, కొండమ్మ ఉండాది మనకేం భయం అని చెరువులో ఊత కూడా వెయ్యకుండా పడుకున్నాడు.

నాకు మాత్రం భయంగానే ఉంది. సర్వేవాళ్ళు వచ్చి అమ్మ గుడిసె వెనకనే ఎర్ర రంగు రాయి పాతి పోయారు. ఎందుకని అడిగితే మీ మేడమ్‌నే అడగండి అన్నారు. మేడమ్ మాకు ఎక్కడ దొరుకుతుంది చెప్పు. నువ్వు కాలనీకి వచ్చి ఎన్నాళ్ళయిందో నువ్వే లెక్క చూసుకో. ఓట్లప్పుడు వచ్చావు, కట్ట మీద జీపులోనే నిలబడి చెయ్యి ఊపావు. నీ వదిన పులుసు కాచి పెట్టుకుని కూర్చుంది, అది పిల్లి తిన్నది.

అమ్మకు దగ్గు తగ్గలేదు. టానిక్ తియ్యగా ఉందని నాకింది కానీ మూతలతో కొలిచి తాగే మనిషి కాదు. పొయ్యి దగ్గర నుంచి లేవడం లేదు. నిన్న నీ ఉత్తరం రెండోసారి చదివించుకుని, చదివినంతసేపూ నీ సంతకం మీద వేలు పెట్టి కూర్చుంది. తర్వాత ఒక మాట చెప్పింది, ఉన్నదున్నట్టు రాయమంది.

"సంతకం పెట్టేముందు కారు దిగి నడిచి చూడమను దాన్ని. అద్దంలో నుంచి చూస్తే మనం కండ్లకు ఆనం."

మందులు పంపడం కాదు, ఒకసారి రా. చూడాలని ఉందని ఆమె నోరు తెరిచి అడగదు, నీకు తెలుసు. నేను అడుగుతున్నాను.

అన్న,
మునెయ్య.


గుట్ట అవతలి నుంచి,
20 ఫిబ్రవరి.

మాలకొండమ్మకు,

మేమందరం గుట్ట దాటి వచ్చి ఉన్నాము. ఎందుకున్నామో నీకు చెప్పనక్కరలేదు.

పోయిన శుక్రవారం పొద్దున హుసేనయ్య ఫోనులో నేనే నీకు చేశాను. సురేంద్రబాబు ఎత్తాడు. అంతా విన్నాడు. అయ్యో అన్నాడు. మేడమ్ మీటింగులో ఉంది, చీటీ పంపిస్తాను, వెంటనే బయలుదేరుతుంది అన్నాడు. పొద్దు వాలేదాకా కట్ట మీద నీ కారు కోసం చూశాము. మేనమామ ఇక ఆగకూడదంటుంటే నేను ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆపాను. పిచ్చివాణ్ణి.

కబురు అందిన మనిషి రాకపోతే ఏమనుకోవాలి. ఆత్మకూరు నుంచి కాకిచెరువు ఎంత దూరమని? పదవి పెద్దదైతే దారి కూడా పొడుగవుతుందేమో నాకు తెలియదు. జరిగినదాన్ని గురించి నేను ఇంక ఒక్క ముక్క రాయను. మా నోళ్ళు కట్టుకున్నాము.

మునెయ్య.


ఆత్మకూరు,
25 ఫిబ్రవరి.

మునెన్నకు,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నువ్వు ఫోను చేసిన సంగతి సురేంద్రబాబు ఆ రోజే చెప్పాడు. సర్వే రాళ్ళు పీకేస్తామని మీవాళ్ళు గొడవ పడుతున్నారు, మీ అన్న మిమ్మల్ని రమ్మంటున్నాడు, నేను సర్దిచెప్పాను అన్నాడు. డైరెక్టరునైన నేను వచ్చి గడ్డపార పట్టుకుని రాళ్ళు పీకాలా అన్నా? దానికేనా ఇంత నిష్ఠూరం, ఇంత నోరు కట్టుకోవడం?

నేను రానే రాలేదని రాశావు. నిన్న వచ్చాను. రెవెన్యూవాళ్ళు, కంపెనీవాళ్ళు, మూడు కార్లలో తనిఖీకి వచ్చాము. దారి పొడుగునా వాళ్ళతో వాదించుకుంటూ వచ్చాను, పద్దెనిమిది కుటుంబాలు ఉన్నాయి, నా కన్నతల్లి ఉంది, మీ కళ్ళతో చూద్దురుగాని రండి అని. కట్ట ఎక్కేసరికి ఏముంది అక్కడ? ఒక్క మనిషి లేడు. కోడి లేదు, కుక్క లేదు. గుడిసెలకు తడికలు కూడా ఊడదీసుకుని పోయారు. వాళ్ళు నా మొహం చూశారు. ఒకాయన ముసిముసిగా నవ్వాడు. ఆ క్షణంలో కారులో నేను ఎంత కుంచించుకుపోయానో నీకు తెలియదు.

గుట్ట అవతల తోటల్లో జామాయిల్ నరకడానికి కూలికి పోయారని సురేంద్రబాబు అన్నాడు. గుట్ట అవతలి నుంచి అని నువ్వే రాశావు కాబట్టి నేనూ అదే అనుకున్నాను. అందరూ ఒకేసారి పోవాలా? ఎప్పుడో ఒకప్పుడు తనిఖీ ఉంటుందని తెలిసీ ఒక్కరినన్నా ఉంచకూడదా? నామీద కోపంతో కావాలనే ఖాళీ చేసి నన్ను పదిమందిలో నగుబాటు చేశారనిపించింది.

సంతకం పెట్టేశానన్నా. కారు అద్దం దించితే ఫైలు లోపలికి ఇచ్చారు, ఒళ్ళో పెట్టుకుని పెట్టాను. వేరేచోట ఇళ్ళస్థలాలు ఇప్పిస్తామని పైవాళ్ళు నాకు మాట ఇచ్చారు, ఆ మాట నేను వదలను. కోపంతో పెట్టలేదు, వేరే దారి లేక పెట్టాను.

అది సరే, అమ్మను కూడా ఆ నరుకుళ్ళకు ఈడ్చుకుపోయావా? ఆ దగ్గుతో, ఈ ఎండలో? నీకు బుద్ధి ఉందా? ఇంకో టానిక్ సీసా ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. అమ్మ దగ్గర ఉండి తాగించు, ఎలా ఉందో వెంటనే రాయి.

మాలకొండమ్మ.


గుట్ట అవతలి నుంచి,
1 మార్చి.

కొండమ్మా,

సీసా చేతిలో పట్టుకుని హుసేనయ్య అంగడి ముందు నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు తెలియదని అప్పుడు తెలిసింది.

అమ్మ లేదమ్మా. ఆ శుక్రవారం తెల్లవారుతుండగా పోయింది. నేను సురేంద్రబాబుకు చెప్పింది అదే. రాళ్ళ మాట నేను ఎత్తనే లేదు.

ఉగాది ముందు అమావాస్యకు పెద్దదినం అయ్యేదాకా పోయినవాళ్ళ మాట నోట పలకకూడదు, కాగితం మీద పెట్టకూడదు. అందుకే పోయిన ఉత్తరంలో రాయలేదు. నీకు కబురు అందిందని, అన్నీ తెలిసే రాలేదని అనుకున్నాను. ఇప్పుడు ఆ కట్టు తెంపి రాస్తున్నాను, పాపం నాది.

జామాయిల్ ఏంది కొండమ్మా? చావు జరిగిన గుడిసెను వదిలిపెట్టి లేచిపోతాము కదా. అదీ పెద్దదిక్కు పోతే కాలనీ అంతా తడికలు ఊడదీసుకుని, పెద్దదినం దాకా పొలిమేర దాటి ఉంటుంది కదా. నాయన పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచిందానివి, తడిక మోస్తానని మారాం చేసినదానివి. నీకెట్లా మరుపొచ్చింది?

కారు దిగి రెండడుగులు వేసి ఉంటే చూసేదానివి. అమ్మ గుడిసె ముందు మూడు పొయ్యిరాళ్ళూ మసిపట్టిన పక్క కిందికి పెట్టి తిరగేసి ఉన్నాయి. అక్షరం రానివాడికి కూడా ఆ రాళ్ళు చెబుతాయి.

చివరిరోజు నీళ్ళు కూడా మింగలేదు. నిన్ను మాత్రం అడిగింది. దానికేం, పనులుంటాయి అని తనే సర్దుకుంది. ఇంతకంటే రాయలేను.

అన్న.


ఆత్మకూరు,
5 మార్చి.

అన్నా,

అమ్మకు టానిక్ పంపించానన్నా. పోయి పది రోజులైన మనిషికి దగ్గర ఉండి తాగించమని రాశాను.

సురేంద్రబాబును నిలదీశాను. తల కూడా దించుకోలేదు. అతను అన్న మాట నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. "చెబితే మీరు నెలన్నర గుట్ట వెనక కూర్చుంటారు మేడమ్. ఫైలు ఏమైపోతుంది, మీ ఛైర్మన్ పదవి ఏమైపోతుంది? మీ మంచికే చెప్పలేదు." మన పద్ధతి నాకంటే అతనికే బాగా గుర్తుంది. కాలనీ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో లెక్క చూసుకుని తనిఖీ ఆ రోజుకు పెట్టించాడు. నేను మూడు కార్లలో ముందు కారులో కూర్చుని అతను తీసుకుపోయినచోటికి పోయాను.

అతన్ని అని ఏం లాభం. తడికలు లేవని నా కళ్ళతో చూశాను. చూసి జామాయిల్ అనుకున్నాను. అమ్మ నాకు చెప్పి పంపిన ఒకే ఒక్క మాట కారు దిగమని. కంచే చేను మేసిందంటారే, అది నేనే.

సంతకం వెనక్కి తీసుకుంటానని ఆఫీసుల చుట్టూ తిరిగాను. మీరే కళ్ళారా చూసి పెట్టారు కదా అంటున్నారు. ఒకాయన కుర్చీ కూడా చూపించలేదు. చివరికి ఒకరు మాత్రం లోపలికి పిలిచి చెప్పారు: సోమవారం మిషను వస్తుంది, ఆ పూటకు అక్కడ జనం కాపురం ఉండి, పొయ్యిలు వెలుగుతూ కనిపిస్తే పని ఆపి మళ్ళీ తనిఖీ చెయ్యక తప్పదు. మిషను ఒకసారి దిగి గుడిసెలు పడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.

అందర్నీ తీసుకుని వచ్చెయ్ అన్నా. పెద్దదినం ఉగాది ముందు అమావాస్యకని నాకు తెలుసు, అప్పటిదాకా ఆగితే మనకు తిరిగి రావడానికి నేల ఉండదు. మేనమామ కాళ్ళు నా బదులు నువ్వు పట్టుకో. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

కొండమ్మ.


గుట్ట అవతలి నుంచి,
7 మార్చి.

కొండమ్మకు,

నీ ఉత్తరం అందరినీ కూర్చోబెట్టి చదివాను. ఆడవాళ్ళు ఏడ్చారు. మేనమామ మాత్రం, మేము రాము అన్నాడు.

ఆయన్ను తప్పు పట్టలేను. పెద్దదినం కాకుండా ఆ నేల తొక్కి పొయ్యి రాజేస్తే పోయిన ప్రాణం దారి తప్పుతుందని పుట్టినప్పటినుంచీ వింటున్నాము. అట్లా రాజేసినవాళ్ళ నిప్పు దగ్గరికి ఎవరూ పోరు, వాళ్ళ చేతి కూడు తినరు, పెద్దలు తేల్చేదాకా వాళ్ళతో మాటలుండవు. సర్కారు మనల్ని ఎన్నిసార్లో లేపింది, ఇంకొకసారి లేపుతుంది, కానీ మా అక్కను దారి తప్పించలేను అన్నాడు. ఆమె ఆయనకు తల్లిలాంటిది.

నేను ఒక్కణ్ణే వద్దామని లేచాను. నీ వదిన నా కాళ్ళకు అడ్డం పడుకుంది. పిల్లల పెళ్ళిళ్ళు ఎవరు చేస్తారు, మనల్ని ఎవరు పలకరిస్తారు అని. కూర్చున్నాను. నాకు ఏ దారీ కనపడటం లేదు కొండమ్మా.

మునెయ్య.


కాకిచెరువు,
9 మార్చి, ఆదివారం.

అన్నా,

ఇది కాకిచెరువు నుంచే రాస్తున్నాను. అమ్మ గుడిసెలో కూర్చుని.

పొద్దున వచ్చాను. కారు కట్ట మీద ఆపించి, దిగి నడిచాను. సురేంద్రబాబు వెనకనే వచ్చి, ఇప్పుడైనా ఎక్కండి మేడమ్, పదవి ఇంకా పోలేదు అన్నాడు. ఎక్కలేదు. కారూ ఫోనూ రెండూ తీసుకుని పోయాడు. సాయంత్రానికి నన్ను పార్టీలో నుంచి తీసేశారని హుసేనయ్య టీవీలో చూసి వచ్చి చెప్పాడు. ఒక మనిషి పదిహేనేళ్ళు పైకి ఎక్కితే కిందికి రావడానికి ఒక పూట కూడా పట్టదన్నమాట.

రాళ్ళ ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత మూడింటినీ తిప్పి పెట్టాను. మసి నా చేతులకు అంటింది, అమ్మ చేతి మసి. కడుక్కోలేదు. పుల్లలు ఏరి పొయ్యి రాజేశాను. మీరు ఎందుకు రాలేరో నాకు అర్థమైంది, మిమ్మల్ని ఒక్క మాట అనను. తప్పు ఒకరు చెయ్యాల్సి వస్తే అది సంతకం పెట్టినదాని నెత్తినే ఉండాలి. అమ్మ ప్రాణం దారి తప్పి ఇటే వస్తే రానీ. నేను ఇక్కడే ఉన్నాను కదా, ఈసారైనా చూసుకుంటాను.

ఒక్క పొయ్యిని వాళ్ళు కాపురం అనరని తెలుసు. మిషను ముందుకే వస్తుంది. పక్కకు జరగను. అమ్మ నీళ్ళలో నిలబడ్డట్టు నిలబడటం నాకు చేతనవుతుందో లేదో తెలియదు, భయంగా ఉంది.

రేపు పొద్దున గుట్ట ఎక్కితే నీకు పొగ కనిపిస్తుంది. ఒకసారి చూడు, చాలు. ఈ కాగితం హుసేనయ్య తెస్తాడు.

నీ కొండమ్మ.


కాకిచెరువు కట్ట మీది నుంచి,
10 మార్చి, సాయంత్రం.

కొండమ్మకు,

నీకు ఇరవై గజాల దూరంలో కూర్చుని రాస్తున్నాను. తలెత్తితే కనిపిస్తావు. పెద్దలు తేల్చేదాకా నీతో మాట్లాడనని మేనమామ ముందు ఒట్టు వేశాను కాబట్టి కాగితమే గతి. రాయడం గురించి ఒట్టు వెయ్యమని ఆయన అడగలేదు, నేను గుర్తు చెయ్యలేదు.

పొద్దున గుట్ట ఎక్కి పొగ చూశాను. వెనక్కి తిరిగితే మేనమామ నా వెనకనే నిలబడి ఉన్నాడు. ఆయన కూడా చాలాసేపు చూశాడు. అమ్మ పొయ్యి మీది నుంచి పొగ లేచినట్టే ఉంది. చివరికి నన్ను చూడకుండానే అన్నాడు:

"చెరువుకట్ట కాలనీ కాదు గదరా. కట్ట మీద పొయ్యి పెట్టుకుంటే ఏం తప్పుండాది?"

ఆ తర్వాత ఎవరూ నడవలేదు, పరిగెత్తారు. రాళ్ళు, కుండలు, పిల్లలు, కోళ్ళు. మిషను రావాలంటే ఈ కట్ట మీదుగానే రావాలి. అది వచ్చేసరికి కట్ట పొడుగునా పద్దెనిమిది పొయ్యిలు వెలుగుతున్నాయి. డ్రైవరు ఇంజను ఆపి దిగి బీడీ ముట్టించుకున్నాడు. ఆఫీసరు ఎవరితోనో ఫోనులో అరిచాడు. మళ్ళీ తనిఖీకి వస్తామని చెప్పి వెళ్ళిపోయారు. ఈసారి పోలీసులతో వస్తారని హుసేనయ్య అంటున్నాడు. రావచ్చు. అమావాస్య దాకా ఈ కట్ట దిగము, తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు.

నిన్ను గురించి మాత్రం మేనమామ మెత్తబడలేదు. నీ నిప్పు నీదే, మా నిప్పు మాదే. నీ వదిన నీ వైపు చూసి కళ్ళు తుడుచుకుంటుంది గానీ గిన్నె పంపించడానికి వీల్లేదు. పెద్దదినం నాడు ఏం తేలుస్తారో, నిన్ను కలుపుకుంటారో లేదో నేను మాట ఇవ్వలేను. పొద్దుటినుంచీ ఒక్కదానివే ఆ పొయ్యి ఊదుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

ఈ కాగితం తూము రాయి మీద పెట్టి వెనక్కి వస్తాను. నేను పక్కకు తిరిగాక వచ్చి తీసుకో. కుండలో అన్నం ఉడుకుతున్నది, ఇక్కడికి వాసన వస్తున్నది. నువ్వు ఉప్పు తెచ్చుకుని ఉండవు. మా చేతి కూడు నీకు పెట్టకూడదన్నారు గానీ ఉప్పు కూడు కాదు. ఇందులోనే పొట్లం కట్టాను. చదివేటప్పుడు ఒలకబోసుకోకు.

అన్న.